కుడివైపు అద్దం

మా నాన్నను కుర్చీలోంచి లేపడం ఎవరి తరమూ కాలేదు. ఈ ఏడాది మొదట్లో గుమ్మం మెట్ల మీద జారిపడ్డాడు. ఎముక అతుక్కుంది, నడవమని డాక్టరు చెప్పాడు. ఈయనేమో హాల్లో కిటికీ పక్కన కుర్చీ వేయించుకుని అక్కడే పాతుకుపోయాడు. "ఇంకో రెండు మూడు నెలలు ఇలాగే కూర్చుంటే ఇక కాళ్ళ మీద ఆశ వదులుకోవాల్సిందేనమ్మా" అని డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బతిమాలాను, అరిచాను, అలిగి తిండి మానేశాను. చివరికి నాన్న ఒక మాట అన్నాడు.

"నా టాక్సీ తెండి. అప్పుడు దిగుతా."

దాన్ని అమ్మేసి ఇరవై ఏళ్ళయింది. ఈపాటికి ఏ కొలిమిలోనో కరిగిపోయి ఉంటుందనుకున్నాను. పక్కన నిలబడ్డ మా ఆయన మొహం మాత్రం వెలిగిపోయింది.

మా ఆయన వాచీలు బాగుచేస్తాడు. నాలుగేళ్ళ కిందట ఒక ఇటుకల బట్టీ వెనక ఆ టాక్సీ కనిపిస్తే, ఇంజను నంబరు సరిచూసుకుని కొనేసి, షాపు వెనక షెడ్డులో పెట్టి బాగుచేస్తున్నాడట. నాక్కూడా చెప్పలేదు! గోడ గడియారాలు ఎక్కువొచ్చాయని ఆదివారాలు మాయమయ్యే మనిషి చేసిన నిర్వాకం ఇదన్నమాట. తిట్టాలో దండం పెట్టాలో తెలియక రెండూ చేశాను.

"అయితే రేపే తీసుకురండి."

"హెడ్‌లైటు అద్దాలు లేవు."

"ఏవో రెండు తగిలించండి!"

తన తల్లినేదో అన్నట్టు చూశాడు. వాచీలో డూప్లికేటు మర కూడా వెయ్యని మనిషి మరి. ఆ బండి అద్దాలకు నిలువు గీతలుంటాయట, మధ్యకు వచ్చేసరికి అవి సన్నబడతాయట, కింద గోరంత నక్షత్రం ఉంటుందట.

"మామయ్యగారు ముప్పై ఏళ్ళు తుడిచిన అద్దాలు. చేత్తో తడిమితే తెలిసిపోతుంది" అన్నాడు. నాన్నకు చూపు మందగించిన మాట నిజమే కాబట్టి నోరు మూసుకున్నాను.

ఇక వేట మొదలైంది. పాత సామాన్లవాడొకడున్నాడు. వాణ్ణి అందరూ 'ఉందన్నా' అంటారు, ఏమడిగినా అదే మాట కాబట్టి. మొదటిసారి బస్సు అద్దం పంపాడు. రెండోసారి పడవ దీపం. మూడోసారి "గీతలున్నాయిగా అన్నా!" అంటూ గాజు పళ్ళెం పంపాడు. అది మాత్రం నేను వంటింట్లో ఉంచుకున్నాను. ఇక్కడ నాన్న పిక్కలు కరిగిపోతుంటే అక్కడ ఈయన భూతద్దం పెట్టుకుని గీతలు లెక్కపెడుతున్నాడు. నెలన్నరపాటు ఇంట్లో రోజూ యుద్ధమే.

చివరికి పాత కార్ల పిచ్చి ఉన్న ఒక పెద్దమనిషి దగ్గర జత ఉందని తెలిసింది. ఆయన ముద్దుపేరు 'మ్యూజియం'. ఉన్నిగుడ్డలో చుట్టి బీరువాలో దాచుకున్నాడు. ఊరికే ఇస్తాడా? కన్నకూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు ఆరాలు తీశాడు. బండి ఎండలో ఉంటుందా, ఎవరు తుడుస్తారు, ఏ గుడ్డతో. నేను నాన్న సంగతి చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఓపిగ్గా విని, గుడ్డ సంగతి మళ్ళీ అడిగాడు. మొత్తానికి ఇచ్చాడు. ఒకటే షరతు, బండిలో ఒరిజినల్ కానిది ఒక్క నట్టు కూడా ఉండకూడదు. దగ్గరుండి చూస్తానని ఆయనా మా వెంట వచ్చాడు.

మర్నాడు పొద్దున మా ఆయన బండి తెచ్చి, ముక్కు సరిగ్గా కిటికీ కిందికి వచ్చేలా ఆపాడు. నాన్న ఊచల్లోంచి చెయ్యి చాపాడు. ఎడమ అద్దం తడిమాడు. నక్షత్రం దగ్గర వేలు ఆగింది. మా ఆయన ఊపిరి బిగబట్టాడు. నాన్న కుడి అద్దం కూడా తడిమి, గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఇది నా బండి కాదు."

"అదేంటి మామయ్యగారూ! ఇంజను నంబరు చూసే..."

"నా బండికి కుడివైపు లారీ అద్దం. ఒరిజినల్ మొదటి ఏడాదే పగిలింది. ఇదెవరిదో షోకు బండి."

మా ఆయన మెట్ల మీద కూలబడ్డాడు. మ్యూజియం జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "ఏ లారీ అండీ? ఏ సంవత్సరం మోడలు?" అని అడిగాడు. అది వినగానే మా ఆయన కూడా లేచి నిలబడ్డాడు. వీళ్ళ దుంప తెగ! ఇంకో నెలన్నర వేటకు సిద్ధమైపోతున్నారు ఇద్దరూ. నేనే సందు చివర లారీ షెడ్డుకు పరిగెత్తి, మొదట కనిపించిన అద్దం పట్టుకొచ్చాను. మా ఆయన కుడి అద్దం విప్పి, దీన్ని తీగతో కట్టాడు. జన్మలో డూప్లికేటు ముట్టని మనిషి, ముక్కు ఎగబీలుస్తూ కట్టాడు. మ్యూజియం చూడలేక అటు తిరిగి నిలబడ్డాడు.

నాన్న మళ్ళీ తడిమాడు.

"అద్దం సరే. హారన్ మోత ఇది కాదు."

"హారన్ ఇంకా కొట్టనేలేదు నాన్నా."

నాన్న చేతులు రెండూ కుర్చీని గట్టిగా పట్టుకున్నాయి. మొహం బండివైపు లేదు, గుమ్మంవైపు ఉంది. అప్పుడు వెలిగింది నా మట్టి బుర్రకు.

"భయమేస్తోందా నాన్నా?"

"మళ్ళీ పడితే లేవలేనే" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

నాకు ఏడుపొస్తే ముందు కోపమొస్తుంది. "సరే, నువ్విక్కడే కూర్చో. నీ బండి నేను తిప్పుకొస్తా" అని విసవిసా వెళ్ళి ఎక్కాను.

"నీకు డ్రైవింగెప్పుడొచ్చే?"

"లైసెన్సుందిగా! స్కూటరుది!"

తాళం తిప్పి, చేతికందిన గేరు లాగాను. బండి ఘోరంగా అరిచి, బారెడు వెనక్కి దూకి ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ లాగాను.

"క్లచ్చి! క్లచ్చి తొక్కవే! గేర్‌బాక్సు నమిలేస్తోంది నాయనో!"

ఆ కేక కిటికీ దగ్గర మొదలైంది, గుమ్మం దగ్గర వినిపించింది, ఆ తర్వాత నా చెవిలోనే పడింది. తల తిప్పి చూద్దును కదా, నాన్న బండి తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర లేదు. మూడు మెట్లు ఎలా దిగాడో ఆయనకే తెలియదు. వెనక మా ఆయన రెండు చేతులూ చాపి, ముట్టుకుంటే ఏమవుతుందోనని అలాగే నిలబడిపోయాడు.

"ఇంజను ఆపు. నేను పక్కన కూర్చుని చెప్తా" అన్నాడు నాన్న. బానెట్ మీద చెయ్యి ఆనించి, ముందునుంచి చుట్టూ తిరిగి రాబోతూ, కుడి అద్దం దగ్గర ఆగాడు.

"అల్లుడూ! ముందు ఈ లారీ అద్దం పీకి పారెయ్యి. నా బండికి ఇలాంటి చెత్త ఎప్పుడైనా పెట్టానా?"