వదిలిన చోటు

కుక్కల బండి కాలనీ గేటు దాటగానే గౌరయ్య వచ్చి దాని ముందర రోడ్డు మీద పడుకున్నాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ, భుజాన తువ్వాలు. అట్లాంటి పెద్దమనిషి వెల్లకిలా పడుకుని కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకునేసరికి డ్రైవర్ పర్వతాలుకు ఏం చెయ్యాలో తోచలేదు. ఇంజన్ ఆపి స్నిగ్ధకు ఫోన్ చేశాడు.

"మేడం, మీరు జల్దీ రావాలె. పెద్దమనిషి బండికి అడ్డం పన్నడు. కుక్కలను దించనిస్తలేడు."

స్నిగ్ధ అక్కడి మున్సిపాలిటీలో పర్యావరణ ఇంజనీరు. ఉద్యోగం కొత్త. చెత్త, మురుగు, దోమలు, కుక్కలు అన్నీ ఆమె కిందికే వస్తాయి. వీధికుక్కల బెడద మీద పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు, దాన్ని ఇక్కడ ఎట్లా అమలు చెయ్యాలో ప్రణాళిక రాసింది ఆమే. కుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, రేబిస్ టీకా వేయించి, గుర్తుగా చెవి కొసన గాటు పెట్టించి, పట్టిన చోటే తిరిగి వదలాలి. దాంతోపాటు చికెన్ దుకాణాల వ్యర్థాలు ఖాళీ ప్లాట్లలో పడకుండా ఆపాలి. కాలనీవాళ్లను కూర్చోబెట్టి ఇదంతా ఎందుకో చెప్పాలి. కమిషనర్ చదివి మెచ్చుకుని సంతకం పెట్టాడు. తీరా అమలుకు వచ్చేసరికి ఆపరేషన్లు మాత్రమే జరిగాయి. వాటికి టెండరు ఉంది, బండి ఉంది. దుకాణాల జోలికి పోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. మనుషులకు చెప్పడం ఎవరి పనో ఎవరూ తేల్చలేదు.

ఆమె బహదూర్‌పల్లి శివారులోని ఆ కాలనీకి చేరేటప్పటికి బండి చుట్టూ జనం మూగారు. లోపల కుక్కలు ఒకదాని మీద ఒకటి పడి మొరుగుతున్నాయి.

"తాతా, లేవున్రి. ఎండ ఎక్కుతాంది."

"ఎక్కనియ్. బండి నా మీదికెల్లే తోలిచ్చు."

"వీటికి ఆపరేషన్లయినయి. సూదులు గూడ ఏసినం. ఇగ కరవడం తగ్గుతది."

గౌరయ్య లేచి కూర్చున్నాడు. "సూదులు మా పిల్లకు గూడ ఏసిన్రు. గీటిల ఏది కరిసిందో నీకెరికేనా బిడ్డా?"

"తెల్వదు."

"నాకూ తెల్వదు. అందుకే అన్నీ గదే అనుకుంటున్న."

"పట్టిన కాడనే ఇడవాలని రూలు తాతా."

"రూలు రాసినోల్లు గీ సందుల ఉంటరా?"

ఎందుకా రూలు పెట్టారో స్నిగ్ధకు బాగా తెలుసు. ఉన్న కుక్కలను తీసేస్తే ఆ తిండి కోసం కొత్తవి వస్తాయి. తెలియని చోట వదిలినవి ఆకలికి, భయానికి మరింత తెగిస్తాయి. చెప్పబోయింది. కానీ నోట్లోంచి వచ్చినవన్నీ మీటింగుల్లో మాట్లాడే మాటలే. ఎవరో నవ్వారు. గౌరయ్య నవ్వలేదు. తువ్వాలు దులిపి లేచాడు.

"ఒక్కసారి నా ఇంటికి రా. సూసినంక నువ్వేం జెప్తే గదే చేస్త."

ఆ కాలనీ లేచిన నేలలో సగం ఒకప్పుడు అతని జొన్నచేనే. వెంచర్ వాళ్లకు అమ్మి, వచ్చిన ప్లాటులో మేడ కట్టుకున్నాడు. కింది గదిలో మనవరాలు వర్ష అన్నం తింటోంది. ఒకటో తరగతి పిల్ల. కుడి చెంప మీద కుట్ల గీత ఇంకా ఎర్రగానే ఉంది. స్నిగ్ధ గడపలో ఉండగానే బయట బండిలోంచి ఓ కుక్క గట్టిగా మొరిగింది. పిల్ల ఏడవలేదు. పళ్లెం పక్కకు పెట్టి, లేచి, బీరువాకు గోడకు నడుమ సందులోకి దూరింది.

"రోజు గిదే వరస మేడం," అంది గౌరయ్య భార్య దుర్గాబాయి. "ఇంతకుముందు బడికి దుంకుకుంట పోయేది. ఇప్పుడు వాకిట్లకు గూడ రాదు."

స్నిగ్ధ బీరువా దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. చీకట్లోంచి సన్నని గొంతు వచ్చింది.

"అవి దిగినయా?"

"లేదు," అంది స్నిగ్ధ. "దిగవు."

అనేశాకగానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు.

బయట వీరేందర్ ఎదురుచూస్తున్నాడు. మాజీ కౌన్సిలర్, ఆ వెంచర్ వేసినవాళ్లలో ఒకడు. "గింత పరేషాన్ ఎందుకు మేడం? శామీర్‌పేట దిక్కు మస్తు ఖాళీ జాగ ఉన్నది. ఆడ ఇడిచిపెట్టున్రి. ఎవలడుగుతరు?"

స్నిగ్ధ కమిషనర్‌కు ఫోన్ చేసింది. "గొడవ కాకుండా చూసుకో అమ్మా. ఎట్లా అన్నది నన్నడగకు," అని ఆయన పెట్టేశాడు. వాళ్ల మాట వినే ఆమె కుక్కలను వేరేచోటికి తీసుకెళ్లిందా అంటే, కాదు. పిల్ల ముఖం కళ్ల ముందు నుంచి పోవడం లేదు. ఎక్కడో కూర్చుని రాసిన రూలు కంటే, కళ్లారా చూసిన బాధే నిజమని ఆ క్షణాన ఆమెకు గట్టిగా అనిపించింది. వెళ్లి బండిలో ముందు సీట్లో కూర్చుంది.

"ఏడికి మేడం?" అన్నాడు పర్వతాలు.

"ఇండ్లు లేని కాడికి పోనియ్ అన్నా."

దేవరయాంజాల్ దాటి, హద్దురాళ్లు పాతి వదిలేసిన ప్లాట్ల నడుమ బండి ఆపారు. తంగేడు పొదలు, ఎండిన గడ్డి, కనుచూపు మేరలో మనిషి లేడు. తలుపు తీసినా కుక్కలు దిగలేదు. పర్వతాలు రేకు మీద కర్రతో బాదితే ఒక్కొక్కటే దూకి, ఎటు పోవాలో తెలియక బండి చుట్టూనే తిరిగాయి. తిరిగి వస్తుంటే ఒక ఎర్రకుక్క తారురోడ్డు దాకా వెంటబడి పరుగెత్తింది. స్నిగ్ధ అద్దంలోంచి చూపు తిప్పుకుంది.

ఆ తర్వాతి ఆదివారం కాలనీవాళ్లు ఆమెకు శాలువా కప్పారు. వీరేందర్ పక్కన నిలబడి ఫోటో దిగాడు. వర్ష దుర్గాబాయి కొంగు పట్టుకుని గేటు దాకా వచ్చింది. ఆ రోజు స్నిగ్ధ మనసు నిండా సంతోషపడింది.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. ఒకనాడు పొద్దున ఆఫీసు తలుపు దగ్గర పర్వతాలు వచ్చి నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"దేవరయాంజాల్ అవతల మేకల మంద మీద కుక్కలు పడ్డయంట మేడం. మేపే ముసలామెను గూడ పీకినయంట. చెవులకు గాట్లున్నయని చెప్పుకుంటున్రు."

ఆ దిక్కు ఆపరేషన్ల బండి ఇంతవరకూ పోలేదు. చెవికి గాటున్న కుక్క అక్కడ ఉందంటే అది తాము వదిలినదే. ఇద్దరూ ఆటోలో బయల్దేరారు.

వాళ్లు బండి ఆపిన చోటికి కాస్త అవతల, పాత ప్రహరీ చాటున నల్ల పరదా కప్పిన గుడిసె ఉంది. పక్కన ముళ్లకంప దడి, అందులో కొన్ని మేకలు. ఆ రోజు బండి దిగి నాలుగడుగులు వేసి ఉంటే కనబడేదే. ఆ మేకలు మేపే ముసలామె యాదవ్వ గుడిసె ముందు కూర్చుని ఉంది. ఎడమ చేతికి మోచేతి దాకా కట్టు.

"రాసుకపోనికి అచ్చినవా బిడ్డా?" అంది. "రాసుకో. సూడి మేకను గొంతు పట్టినయి. ఇడిపియ్యబోతే నా చెయ్యి దొరికిచ్చుకున్నయి. ఆడికీ ఇడువలే నేను. ఆఖరుకు అదే సచ్చిపాయె."

స్నిగ్ధ చెప్పకుండా వెళ్లిపోవచ్చు. ఈమెకు తనెవరో తెలియదు.

"ఆ కుక్కలను ఈడ ఇడిచింది నేనే అవ్వా."

యాదవ్వకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది.

"నువ్వా? మాతోని నీకేం పగ?"

"పగ కాదు. అక్కడ చిన్నపిల్లను కరిసినయి. ఈడ ఇండ్లు లేవనుకున్న."

"ఇండ్లు లేకుంటే మనుషులుండరా? పొద్దుగాల్లేస్తే గీ జాగంత తిరిగేది మేమే. నీ బండికి గాలి తప్ప ఏం కనవడలేదా?"

"మేడం మంచిదే అవ్వా..." అని పర్వతాలు ఏదో చెప్పబోయాడు.

"మంచిదైతే ఆల్లకు మంచిది. నాకేంది? పోన్రి, నా ముందట నిలవడకున్రి."

స్నిగ్ధ కదల్లేదు. సూదులు అన్నీ వేయించుకున్నావా అని అడిగింది. ఒకటే వేయించుకుంది. మిగతా వాటికి పోదామంటే మేకల దగ్గర ఉండేవాళ్లు లేరు. స్నిగ్ధ బతిమాలింది. వినకపోతే కోప్పడింది. చివరికి పర్వతాలు దడి దగ్గర కాపలా కూర్చున్నాక యాదవ్వ ఆటో ఎక్కింది. శామీర్‌పేట ప్రభుత్వ ఆస్పత్రిలో సూది వేయించి, స్నిగ్ధ ఆమెను తిరిగి గుడిసె దగ్గర దింపింది.

ఆ సాయంత్రమే గౌరయ్య ఫోన్. "మేడం, మల్ల అచ్చినయి. కొత్తయి, చెవులకు గాట్లు గూడ లేవు. కోడి బొక్కలు, పేగులు పడేసే కాడ మంద మందే ఉన్నది."

యాదవ్వ ఊరివాళ్లు కలెక్టరేట్‌లో ఫిర్యాదు చేశారు. కమిషనర్ స్నిగ్ధను గదిలోకి పిలిచాడు. వీరేందర్ అప్పటికే అక్కడ కూర్చుని టీ తాగుతున్నాడు.

"డ్రైవర్ తనంతట తానే అక్కడ వదిలేశాడని రాద్దాం," అన్నాడు కమిషనర్.

"అవుట్‌సోర్సింగ్ మనిషే గద మేడం," అన్నాడు వీరేందర్. "ఈడ తీసేస్తే ఇంకో బండి తోల్కుంటడు. మీది సర్కారు నౌకరి."

స్నిగ్ధకు ఉద్యోగం వచ్చిన రోజు ఇంట్లో అందరూ సంతోషంతో ఎట్లా ఏడ్చారో గుర్తొచ్చింది. ఒప్పుకుంటే ఇక్కడితో అయిపోతుంది.

"ఏడికని పర్వతాలన్న నన్నే అడిగిండు సార్. చెప్పింది నేనే," అంది.

తన మాటతోనే వదిలారని తన సంతకంతోనే రాసింది. ప్రణాళికలో ఏ పనులు జరగలేదో, ఎవరి దుకాణాల దగ్గర ఆగిపోయాయో అవి కూడా రాసింది. వారం తిరగకుండా సంజాయిషీ నోటీసు వచ్చింది. దాని వెనకే బదిలీ మాట వినబడింది. బండి మాత్రం పర్వతాలు చేతిలోనే ఉంది.

ఇక్కడి నుంచి కదిలేలోపు కుక్కలను వెనక్కి తేవాలని ఆమె పట్టుబట్టింది. అన్నీ దొరకలేదు. ఎర్రకుక్క అసలు కనబడలేదు. దొరికినవాటిని దించే ముందు కాలనీ కమ్యూనిటీ హాలులో అందరినీ కూర్చోబెట్టింది. ఈసారి రూలు చదవలేదు. యాదవ్వ సంగతి చెప్పింది. తీసేసిన చోటికి కొత్త కుక్కలు ఎందుకొచ్చాయో వాళ్లు రోజూ చూస్తున్నదాన్నే చూపించి చెప్పింది.

"అయితే మల్ల మా మీదికే తెస్తవా?" ఎవరో అరిచారు. "శాలువా కప్పినందుకా?"

గౌరయ్య చెయ్యెత్తి వాళ్లను ఆపాడు. "మా పిల్ల మొకం జూసే గద బిడ్డా నువ్వు గా పని చేసింది?"

"అవును తాతా. యాదవ్వ మొకం అప్పటికి జూడలే."

గౌరయ్య వెనక వరుసలో ఉన్న వీరేందర్ వైపు తిరిగాడు. "బొక్కలు పడేసేది మీ తమ్ముని దుకాణాల ఆటోలే గదనే వీరేందర్? నీకు భూమి ఇచ్చిన నాడు గిది జెప్పలేదు నువ్వు."

వీరేందర్ ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు. తిరిగి రాలేదు.

మర్నాడు బండి వచ్చినప్పుడు ఎవరూ అడ్డం పడలేదు. తలుపులు మూసుకున్నారు. కుక్కలు దిగి, వాసన చూసుకుంటూ తమ తమ మూలలకు పోయాయి. ప్లాట్లలోంచి కొత్త కుక్కలు మొరిగాయి. వాటి కోసం పర్వతాలు మళ్లీ రావాలి. స్నిగ్ధ గౌరయ్య ఇంటి మెట్లెక్కింది. దుర్గాబాయి తలుపు సగమే తీసింది.

"పిల్ల పండుకున్నది మేడం."

లోపల టీవీలో బొమ్మల సినిమా నడుస్తోంది. పిల్ల గొంతు కూడా వినిపించింది. స్నిగ్ధ మెట్లు దిగింది.

చికెన్ వ్యర్థాల ఆటోలు కొన్నాళ్లు ఆగాయి. గౌరయ్య కర్ర పట్టుకుని పొద్దున్నే అవి వచ్చి పడేసే మూలన కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తర్వాత అవి అవతలి కాలనీ వైపు మళ్లాయని పర్వతాలు చెప్పాడు.

బదిలీ ఉత్తర్వు చేతికొచ్చిన వారంలోనే యాదవ్వ ఆఖరి సూది. మిగతావాటికి లాగే స్నిగ్ధ ఆమెను తీసుకుని శామీర్‌పేట ఆస్పత్రికి వెళ్లింది. చచ్చిన మేకకు పరిహారం ఏ పద్దులోనూ లేదని ఆఫీసులో తేల్చి చెప్పారు. ఆ మాట దారిలోనే చెప్పింది. యాదవ్వ ఆటోలోంచి బయటికి చూస్తూ ఊఁ అంది.

నర్సు సూది వేసి, దూది అదిమి పెట్టి అడిగింది. "నీ ఎంబడి అచ్చినామె ఎవలు అవ్వా? బిడ్డనా?"

"కాదు," అంది యాదవ్వ. "కుక్కలను ఇడిచినామె."

నర్సు అది ఎకసక్కెం అనుకుని నవ్వింది. వాళ్లిద్దరిలో ఎవరూ నవ్వకపోయేసరికి ఆగి, ఇద్దరి ముఖాలూ చూసి, పక్క బెంచీ మీది మనిషిని పిలిచింది. స్నిగ్ధ ఆటో కోసం బయటికి వచ్చింది. యాదవ్వ కట్టు విప్పిన చేతిని కొంగులో దాచుకుని, నాలుగడుగులు వెనకాలే నడిచి వచ్చి, ఆటో వచ్చేదాకా దూరంగా నిలబడింది.