విప్పని కవర్లు

ఆ అమ్మాయికి "ఎందుకమ్మ" అని పేరు పెట్టింది వాళ్ళ నాన్న. ఆయన లిఫ్టు మెకానిక్కు. మాటలు వచ్చిన నాటినుంచీ ఆ పిల్ల ఆయన వెంటపడి, లిఫ్టు పైకెందుకు పోతుంది, కిందికెందుకు వస్తుంది, మధ్యలో ఎందుకు ఆగిపోతుంది అని ప్రాణం తీసేది. "మూడో ప్రశ్నకు జవాబు చెప్పినందుకే నాకు జీతమిస్తున్నారే తల్లీ" అనేవాడాయన. పిల్ల పెద్దదై ఉద్యోగంలో చేరింది. ఒకరోజు ఆయన మధ్యాహ్నం క్యారియరు ఇవ్వడానికి ఆఫీసుకు వచ్చి, మెట్ల దగ్గర నిలబడి "ఎందుకమ్మా!" అని కేకేశాడు. అంతే, ఆఫీసులోనూ అదే స్థిరపడింది.

ఆ ఆఫీసు ఒక ట్రస్టుది. ఎప్పుడో ఒక పెద్దాయన తన ఆస్తి రాసిచ్చి పెట్టిన సంస్థ. చిన్న చిన్న సంఘాలకు సాయం చేస్తుంది. వచ్చిన దరఖాస్తులు చదవడం, వెళ్ళి చూసిరావడం, చూసింది రాసిపెట్టడం ఎందుకమ్మ పని. చేరి మూడో ఏడు నడుస్తోంది.

ఒక మంగళవారం ఉదయం ఆమె చక్రాల కుర్చీలు బాగుచేసే షెడ్డుకు వెళ్ళింది. దాన్ని నడిపేది ఒక వెల్డరు. నలభై దాటిన మనిషి, చేతులనిండా నిప్పురవ్వల మచ్చలు. అందరూ ఆమెను వెల్డరక్క అంటారు. ఎందుకమ్మ ఫారం తీసి మొదటి ప్రశ్న అడగబోతుండగానే వెల్డరక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు చెల్లీ. మీ సాయం వల్ల వచ్చిన మార్పును అయిదు వాక్యాల్లో చెప్పమంటావు, అంతేనా?"

"మీకెలా తెలుసక్కా?"

"ఈ నెలలో నువ్వు నాలుగోదానివి. నాలుగు ట్రస్టులు, నలుగురు పిల్లలు, నాలుగు ఫారాలు. అందరూ అదే అడుగుతారు, కాకపోతే ఒకళ్ళు అయిదు వాక్యాలంటారు, ఒకళ్ళు రెండు పేజీలంటారు. కుర్చీ కదల్లేదు. బాగుచేశాం. ఇప్పుడు కదులుతోంది. ఇంకో రెండు వాక్యాలు ఎక్కణ్ణుంచి తేను?"

ఎందుకమ్మ నవ్వబోయింది. వెల్డరక్క ముఖంలో నవ్వు లేదు.

"మీరు అడిగిన కాగితాలు రాయడానికి ఏడాదికి మూడు వారాలు షెడ్డు మూస్తున్నాను. ఆ మూడు వారాలూ మంచంలో పడున్నవాళ్ళు మంచంలోనే ఉంటారు. మీరు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకోరా?"

ఆ ప్రశ్న ఎందుకమ్మకు చెంపదెబ్బలా తగిలింది. పుట్టి బుద్ధెరిగాక ప్రశ్నలు వేయడమే గానీ, తనకే జవాబు లేని ప్రశ్న ఎదురవడం ఆమెకు అలవాటు లేదు.

మరుసటి వారమే ట్రస్టులన్నీ కలిసి తమ తమ ఆఫీసుల్లోని కుర్ర ఉద్యోగులకు రెండు రోజుల శిక్షణ పెట్టాయి. పెద్ద హాలు, మెత్తటి కుర్చీలు, మెడలో వేసుకోవడానికి పేరు రాసిన అట్టలు. శిక్షకుడు మంచి మాటకారి. పరిచయాలే పెట్టుబడి అన్నాడు. అరనిమిషంలో మన గురించి మనం ఎలా చెప్పుకోవాలో, పెద్దవాళ్ళ చెయ్యి ఎంత గట్టిగా పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో నేర్పాడు. విరామంలో ప్రతి ఒక్కరూ కనీసం ముగ్గురు పైస్థాయి అధికారులతో పరిచయం చేసుకుని రావాలన్నాడు.

విరామంలో అందరూ సూటువాళ్ళ చుట్టూ బెల్లం చుట్టూ చీమల్లా మూగారు. ఎందుకమ్మ మాత్రం ఒక్కొక్కరి మెడలోని అట్ట చదువుకుంటూ, "నువ్వు ఈ నెలలో చక్రాల కుర్చీల షెడ్డుకు వెళ్ళావా?" అని అడుగుతూ పోయింది. చాలామంది పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. చివరికి ఒక పొడుగు అబ్బాయి దొరికాడు, ఆ తర్వాత కళ్ళజోడు అమ్మాయి. నాలుగో మనిషి శిక్షణకు రాలేదు. ముగ్గురూ బయట మెట్లమీద కూర్చుని ఫోన్లలో తమ తమ ఫారాలు తెరిచి పక్కపక్కన పెట్టుకున్నారు.

"ఇది మీదా మాదా?" అన్నాడు పొడుగు.

"చూశావా, గుర్తుపట్టలేకపోయావు" అంది కళ్ళజోడు. "తల్లి ఒకటే, పురుళ్ళు వేరు."

ఆ రోజు వాళ్ళు ఒక్క పెద్దమనిషి చెయ్యి కూడా పట్టుకోలేదు. శిక్షకుడు సాయంత్రం లెక్క అడిగితే ఎందుకమ్మ లేచి, "ఇద్దరితో పరిచయమైంది సార్. ఇద్దరూ నాలాంటివాళ్ళే" అంది. హాలు గొల్లుమంది. శిక్షకుడు ఆమెను జాలిగా చూశాడు.

నెలకో శనివారం పొద్దున్నే ఊరి గ్రంథాలయంలో కలుసుకోవడం మొదలైంది. ముగ్గురు ఏడుగురయ్యారు, ఏడుగురు పధ్నాలుగుమందయ్యారు. ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో చెప్పుకుని కలిసి వెళ్ళేవారు. ఒకరు చూసింది ఇంకొకరు మళ్ళీ అడగనక్కర్లేకుండా రాసుకునేవారు. అందరికీ పనికొచ్చే ఆరు పేజీల ఫారం ఒకటి తయారైంది.

ఇలాంటి మాటకు కాళ్ళుంటాయి. అది నడుచుకుంటూ పోయి ఎందుకమ్మ ట్రస్టు డైరెక్టరమ్మ చెవిన పడింది.

డైరెక్టరమ్మ చెడ్డది కాదు. గుమాస్తాగా చేరి, పాతికేళ్ళు తలవంచుకుని పనిచేసి ఆ కుర్చీదాకా వచ్చిన మనిషి. ఎందుకమ్మను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టింది.

"పరిచయాలు పెంచుకోమన్నాం గానీ, మన ఇంటి గుట్టు పదిమందిలో పెట్టమన్నామా అమ్మా? మన ప్రశ్నలు మన సొత్తు."

"అందరి ప్రశ్నలూ ఒకటే మేడం. ఎవరి దగ్గర ఎవరు దాచుకుంటున్నట్టు?"

డైరెక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "చూడూ, ఏడాదిపాటు పెద్దవాళ్ళ దగ్గర శిక్షణ ఉంది. మన ట్రస్టుకు ఒక్క చోటే ఇచ్చారు. నీ పేరు రాద్దామనుకుంటున్నాను. అది పూర్తిచేసినవాళ్ళు ఎక్కడున్నారో నీకు తెలుసు. శనివారాలు మానెయ్. వచ్చేవాళ్ళ పేర్లు నాకివ్వు. వాళ్ళ ఆఫీసులతో నేను మెల్లగా మాట్లాడుకుంటాను."

ఎందుకమ్మకు ఆ శిక్షణ మీద ఆశ లేదనడం అబద్ధం. రెండేళ్ళుగా దానికోసమే ఎదురుచూస్తోంది. అయినా చెప్పింది.

"నా పేరు మీకు తెలుసు మేడం. మిగతా పేర్లు నావి కావు, ఇవ్వడానికి."

"బాగా ఆలోచించుకునే అంటున్నావా?"

"లేదు మేడం. ఆలోచిస్తే భయమేస్తుందని ముందే అనేశాను."

పొమ్మనలేక పొగబెట్టడం అంటారే, అదే జరిగింది. ఆమె బల్ల తీసుకెళ్ళి కింది అంతస్తులో పాత కాగితాల గదిలో వేశారు. బయటికి వెళ్ళి చూసిరావడం బందయింది. దాతలకు కృతజ్ఞతా పత్రాలు రాయడమే ఇక ఆమె పని. "పొగ పెట్టారు, ఏం చేస్తావే?" అని నాన్న అడిగితే, "కిటికీ తెరుచుకుని కూర్చుంటాను నాన్నా" అంది. మాట వరసకన్నదే గానీ, మొదటి వారమంతా ఆ గదిలో ఆమెకు ఏడుపు తన్నుకొచ్చేది.

రెండో వారంలో కాగితాల రీము కోసం వెతుకుతూ ఒక ఇనుప బీరువా తెరిచింది. లోపల అడుగునుంచి పైదాకా కవర్లు. సంఘాలు ఏటేటా పంపిన నివేదికలు. ఒకటి బయటికి లాగింది. అంటించిన జిగురు చెక్కుచెదరలేదు. ఇంకొకటి లాగింది. అదీ అంతే. నేలమీద కూలబడి వరసగా తీసింది. రిజిస్టరులో "అందినది" అని ముద్రవేసి, పెట్టెలో పడేసి, పెట్టెను బీరువాలో పెట్టారు. విప్పినవాడు లేడు.

వాటిలో వెల్డరక్క చేతిరాత కనబడింది. రెండేళ్ళ కిందటిది. ఎందుకమ్మ పెన్నుతో అంచు చింపి చదివింది. పదకొండో పేజీలో, మార్పును వివరించమన్న గడిలో ఇలా ఉంది:

"ఇది ఎవరైనా చదువుతుంటే ఒక్కసారి ఫోన్ చెయ్యండి. ముందు చక్రాలకు చిన్న సైజు బేరింగులు (సైజు కింద రాశాను) దొరకడం లేదు. పన్నెండు కుర్చీలు మూలపడ్డాయి. ఎక్కడ దొరుకుతాయో తెలిస్తే చెప్పండి. మాకు వేరే ఏమీ వద్దు."

ఎందుకమ్మ ఆ పేజీ పట్టుకుని లేచింది. వాళ్ళ నాన్నకు ఫోన్ చేసి సైజు చదివి వినిపించింది.

"దానికింత బాధెందుకే? మేం లిఫ్టు తలుపులకు వాడేవి అవే. నాకు తెలిసిన కొట్లో బస్తాలు బస్తాలున్నాయి" అన్నాడాయన.

సాయంత్రానికి బేరింగులు షెడ్డులో ఉన్నాయి. రెండేళ్ళు ఆగిన పని, ఒక్క ఫోనుతో అయిపోయింది. వెల్డరక్క థాంక్స్ చెప్పలేదు. "రెండేళ్ళు పట్టిందా చదవడానికి?" అంది. ఎందుకమ్మ తల దించుకోలేదు. "అవునక్కా. ఇక పట్టదు" అంది.

మర్నాడు చేతుల్లో పట్టినన్ని కవర్లు ఎత్తుకుని పైకెక్కి డైరెక్టరమ్మ బల్లమీద పెట్టింది.

"ఇవేంటి?"

"మనం అడిగినవి మేడం. వాళ్ళు రాసినవి. ఎవరూ చదవనివి."

డైరెక్టరమ్మ ఒకటి తిప్పి చూసింది. ముఖంలో రంగు మారింది. లేచి తలుపు వేసి వచ్చింది. "ఈ సంగతి ఈ గది దాటకూడదు."

"దాటుతుంది మేడం. శనివారం చెప్తాను. వెనకనుంచి చెప్పానని అనుకోకూడదని ముందుగా మీకే చెప్తున్నాను."

"నీ ఉద్యోగం సంగతి?"

"అది మీ చేతిలో ఉంది. ఇవి నా చేతిలో ఉన్నాయి."

శనివారం చెప్పింది. పధ్నాలుగుమందీ తమ తమ ఆఫీసుల్లో వెతికారు. ఎక్కడ చూసినా ఇదే కథ. పొడుగు వాళ్ళ ఆఫీసులో అయితే బీరువా కూడా లేదు, మెట్లకింద గోనెసంచుల్లో పెట్టారట. అందరూ కూర్చుని ఒక ఉత్తరం రాశారు. అందులో వేడుకోలు లేదు, తిట్లూ లేవు. "చదవని నివేదిక అడగకండి. అడిగితే చదవండి. అందరం కలిసి ఒకేసారి అడుగుదాం, ఒకే ఫారంలో." అంతే. కింద పేర్లు పెట్టాలా వద్దా అని వాదులాట. కొందరికి ఇంటిమీద అప్పులున్నాయి, ఒకామెకు ఆర్నెల్లలో పురుడు. ఎందుకమ్మ ఎవర్నీ బలవంతపెట్టలేదు. మొదటి పేరు తనది రాసి పెన్ను బల్లమీద పెట్టింది. తొమ్మిదిమంది రాశారు. అయిదుగురు రాయలేదు. రాయనివాళ్ళను వచ్చే శనివారం రావద్దని ఎవరో అనబోతే, "వాళ్ళూ తమ ఆఫీసుల్లో కవర్లు వెతికి పెట్టారు. చాలదా?" అని నోరు మూయించింది.

ఆ ఉత్తరంతో ఆకాశం విరిగి పడలేదు. మూడు ట్రస్టులు ఆరు పేజీల ఫారానికి ఒప్పుకున్నాయి. రెండు, చూద్దాం అన్నాయి. ఒకటి కళ్ళజోడును ఉద్యోగంలోంచి తీసేసింది. ఆ అమ్మాయి నెలపాటు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత ఒప్పుకున్న మూడింటిలో ఒక ట్రస్టు ఆమెను పిలిచి ఉద్యోగమిచ్చింది. ఎందుకమ్మ ట్రస్టులో అయితే ఆర్నెల్లకు కొత్త ఫారం వచ్చింది. సరిగ్గా ఆరు పేజీలు. కింద డైరెక్టరమ్మ సంతకం, పైన "మా వినూత్న ఆలోచన" అని శీర్షిక. ఎందుకమ్మ దాన్ని చూసి పకపకా నవ్వింది. బల్ల మాత్రం కిందే ఉంది. ఏడాది శిక్షణకు వేరే అబ్బాయి వెళ్ళాడు.

మళ్ళీ రెండు రోజుల శిక్షణ వచ్చింది. ఈసారి డైరెక్టరమ్మే కిందికి దిగి వచ్చింది.

"పరిచయాలు పెంచుకోవడం మీద ఒక గంట నువ్వు మాట్లాడు. పైవాళ్ళు నీ పేరే అడిగారు. మరీ..." అని ఆగింది. "మరీ అతి చెయ్యకు."

ఎందుకమ్మ సరేనంది. అతి చేయనని మాత్రం అనలేదు.

ఆ ఉదయం ఆమె కింది గదిలోని కవర్ల పెట్టెలు రెండు హాలులోకి తోసుకుంటూ వచ్చింది. మైకు పక్కకు జరిపింది. కుర్చీల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి ఒళ్ళో ఒక్కో కవరు పెట్టింది.

"విప్పండి. మొత్తం చదవండి. చివర ఫోన్ నంబరుంటుంది. వాళ్ళకు ఫోన్ చెయ్యండి. మీరు చేసుకోవాల్సిన పరిచయం అది."

"ఇది కార్యక్రమంలో లేదే" అన్నాడు శిక్షకుడు.

"లేదు సార్. అందుకే తెచ్చాను."

ఎక్కడో ఒక కవరు చిరిగిన చప్పుడైంది. ఇంకొకటి. కాసేపటికి హాలంతా కాగితాల చప్పుడు, ఆ తర్వాత ఫోన్ల మాటలు. వెనక వరసలో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్ చెవిన పెట్టుకుని లేచి నిలబడింది. అవతలివాళ్ళు ఏం అడిగారో గానీ, ఆ పిల్ల ముఖం ఎర్రబడింది.

"లేదండీ, మీరేమీ తప్పు రాయలేదు" అంది. "చదివాను. అందుకే చేశాను. అవునండీ, మొత్తం చదివాను. మీరు చెప్పండి, నేను వింటున్నాను."

తలుపు దగ్గర డైరెక్టరమ్మ గడియారం చూపించి, గంట అయిపోయిందని సైగ చేసింది.

ఎందుకమ్మ తల అడ్డంగా ఊపింది. రెండో పెట్టె మూత తీసింది.