వీధి చివరిదాకా తోసిన వ్యాను

లాక్‌డౌన్‌లో ఊళ్ళో పొగ లేదు, వ్యాను డ్రైవరు ఇంటి పొయ్యిలోనూ పొగ లేదు. పొయ్యిలో పిల్లి లేవకపోయినా, ఉబ్బసంతో మంచం పట్టిన అతని భార్య మాత్రం లేచింది. మందు పీల్చే మిషను అటకెక్కింది, ఆవిడ మేడెక్కింది.

"లోకానికి జబ్బు చేస్తే నాకు నయమైందేంటండీ!" అని నవ్వింది.

ఆంక్షలు ఎత్తేశారు. కిటికీ కింద డీజిలింజను వేడెక్కుతుంటే లోపల టీ తాగడం అతని పాత అలవాటు. మొదటిరోజు అలాగే చేశాడు. టీ సగంలో ఉండగానే ఆవిడకి దగ్గు మొదలైంది.

మర్నాడు ఇంజను వేయకుండా వ్యానును వీధి చివరిదాకా ఒక్కడే తోశాడు.

"ఏం బాబాయ్, బండి మొరాయించిందా?" అన్నాడు ఎదురింటి ఆటోవాడు, తన బండిని రయ్యిమనిపిస్తూ.

"బండి కాదురా, మీ పిన్ని ఊపిరి."

"అయ్యో పాపం!" అన్నాడు వాడు. ఇంజను మాత్రం ఆపలేదు. అతను వీధి చివరినుంచి వెనక్కి తిరిగి చూస్తే వీధి పొడుగునా ప్రతి గుమ్మం ముందూ ఓ బండి వేడెక్కుతోంది.

డ్రైవరు ఇంటికి పరుగెత్తాడు. ఆవిడ అప్పటికే కిటికీ మూసేసి, చీరచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"రేపట్నించి తోయకండి, నడుం పట్టేస్తుంది" అంది దగ్గు మధ్య. "ఆ మిషను కిందికి దించి, పనికెళ్ళండి."