మాస్టారి సైకిలు మీద ఫోను

యేసుబాబు మాస్టారి సైకిలుకి ఫోను బిగించాలా వద్దా అని భవానీపురంలో ఆయన కూతురింట్లో నెల్లాళ్ళు గొడవ నడిచింది. ఇదీ ఒక గొడవేనా అని మీరు అనొచ్చు. పేవ్‌మెంటు మీద పోసి అమ్మే హోల్డరు, దానికి రెండు స్క్రూలు, అంతేగా అని కూడా అనొచ్చు. ఆ మాస్టారెవరో, ఆ సైకిలేంటో తెలిస్తే మీరే ఆ మాట వెనక్కి తీసుకుంటారు.

ఆయన బతుకంతా డ్రిల్లు మాస్టారు. రిటైరైన రోజున పాత స్టూడెంట్లు అందరిలాగా శాలువా, గోడ గడియారం ఇచ్చి పంపెయ్యకుండా చందాలేసుకుని గేర్ల సైకిలు కొనిచ్చారు. లావు టైర్లు, ముందు చక్రానికి స్ప్రింగులు, రాళ్ళ మీద పోయినా నడుం విరక్కుండా కొండలెక్కే సైకిలు. “ఈ వయసులో సర్కస్సేంటండీ” అని భార్య సంపూర్ణమ్మ నెత్తి కొట్టుకుంది. ఆవిడ పోయాక కూతురు కృప వచ్చి, “ఇంక ఒంటరిగా ఉండొద్దు నాన్నా” అని ఆయన్ని తన ఇంటికి తెచ్చుకుంటే, సైకిలు ట్రాలీ ఆటోలో ఆయన పక్కనే కూర్చుని వచ్చింది. ఆటోవాడు కట్టిన తాడు మీద నమ్మకం లేక దారంతా ఆయన హ్యాండిలు వదల్లేదు.

ఆదివారం తెల్లారేసరికి గొల్లపూడి, ఇబ్రహీంపట్నం దాటి కొండపల్లి చేరడం, ఖిల్లాకి పోయే ఘాట్ రోడ్డెక్కడం, పక్కన అడవిలో రాళ్ళ బాటన దిగడం, రెండో ఆరాధన గంట కొట్టేలోగా ఇంటికొచ్చి స్నానం చేసి చర్చిలో ముందు బెంచీలో కూర్చోవడం. ఇదీ ఆయన వరస. వెనకాల కుర్రాళ్ళ గుంపొకటి తయారైంది. వాళ్ళందరికీ ఆయన పెట్టిన రూలు ఒక్కటే, హ్యాండిలు మీద బెల్లు తప్ప ఇంకేం ఉండకూడదు. ఫోను కనపడిందా, ఒంటికాలి మీద లేచేవాడు.

అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నవాడు చక్రి. వాడికి సెంటర్లో సెల్‌ఫోన్ల షాపుంది, మార్కెట్లోకి ఏ ఫోనొచ్చినా ముందు వాడి హ్యాండిలు మీదే ఉండాలి. “కింద రాయి చూస్తావా, ఇందులో బొమ్మ చూస్తావా? రెండూ చూడ్డానికి దేవుడు నీకేం నాలుగు కళ్ళివ్వలేదు” అని మాస్టారు తన చేత్తోనే విప్పి వాడి జేబులో పెట్టేవాడు. ఓసారి వాడు దొంగచాటుగా బిగించుకుని, ఎంత స్పీడులో పోతున్నానో చూసుకుంటూ దిగి, రాతికి కొట్టుకుని భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. మాస్టారు బత్తాయిలు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాడు. బత్తాయిలు ఒలిచి తినిపిస్తూ వార్డంతా వినేట్టు తిట్టాడు.

అలాంటి మనిషి ఒక ఆదివారం ఖిల్లా వెనక బాట రెండుగా చీలే చోట సైకిలాపి, “ఎటురా?” అని అడిగాడు. ఆయన తమకి పరీక్ష పెడుతున్నాడనుకున్నారు కుర్రాళ్ళు. నవ్వి, కావాలని తప్పు దారి చూపించారు. ఆయన అటే వెళ్ళిపోయాడు. అప్పుడు చక్రికి నవ్వు ఆగిపోయింది.

తర్వాత సంగతులు త్వరత్వరగా జరిగిపోయాయి. పాల ప్యాకెట్టుకని వెళ్ళి ఉత్త చేతుల్తో రావడం, తిని కూడా తినలేదనడం. ఒక రోజైతే పొద్దున పోయిన మనిషి చీకటి పడినా రాలేదు. మైలవరం రోడ్డులో ఎవరో టీ కొట్టాయన ఆయన పర్సులో కృప నంబరు చూసి, “మీ నాన్నగారంటండీ, ఇంటి పేరడిగితే చెప్తున్నారు గానీ ఇల్లెక్కడో చెప్పలేకపోతున్నారు” అని ఫోన్ చేశాడు. కృప ఆటో కట్టించుకుని వెళ్ళి తెచ్చుకుంది. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు స్కానింగులన్నీ చూసి, ఇది మతిమరుపు జబ్బమ్మా, తగ్గేది కాదు, మెల్లిగా ముదిరేట్టు చూసుకోవడమే అన్నాడు.

కృప మొగుడు అంతోని చెడ్డవాడు కాదు. మావగారంటే ప్రాణం. కానీ భయస్తుడు. ఆ సాయంత్రమే సైకిలు చక్రానికి గొలుసు చుట్టి తాళమేసి, తాళంచెవి తన ఆఫీసు బ్యాగులో పడేసుకున్నాడు. “లారీ కింద పడితే అప్పుడేడిచి లాభమేంటి కృపా?” అన్నాడు.

మాస్టారు గొడవ చేసుంటే బావుండేదేమో. రోజూ పొద్దున్నే లేచి, నిక్కరూ బూట్లూ వేసుకుని, టైర్లకి గాలి కొట్టేవాడు. గాలి కొట్టి, గొలుసు తుడిచి, పక్కన స్టూలు మీద కూర్చునేవాడు. కాలేజీలో ఆఫీసు పనికి పోయే కృప గేటు తీసుకుని వెళ్ళేటప్పుడూ అక్కడే, సాయంత్రం వచ్చేటప్పుడూ అక్కడే. ఒక రోజు ఆవిడ చెప్పులు వేసుకుంటుంటే పిలిచాడు.

“కృపమ్మా, నేనేదన్నా తప్పు చేశానా?”

“అదేంటి నాన్నా?”

“తాళమేశారు కదా. ఏం చేశానో గుర్తు రావట్లేదు. చెప్తే సారీ చెప్తాను.”

ఆ రోజు ఆఫీసులో కృపకి ఏ ఫైలు చూసినా ఆ మాటే. ఆయన మీద కోపం, అంతోని మీద కోపం, ఆ డాక్టరు మీద కోపం, అందరికంటే తన మీద తనకి మండుకొచ్చింది. సాయంత్రం నేరుగా చక్రి షాపుకెళ్ళి కూర్చుంది.

“ఒక ఫోనుంటే చాలక్కా” అన్నాడు చక్రి. “ఒక్క గుర్తు పెడతాను, దాన్ని నొక్కితే ఎక్కడున్నా ఇంటికి దారి చెప్తుంది. నీ ఫోన్లో ఆయనెక్కడున్నాడో చుక్క కనపడుతుంది. జేబులో పెడితే మాత్రం లాభం లేదు, జేబులో ఉందన్న సంగతే మర్చిపోతారు. కళ్ళెదురుగా ఉండాలి.” విరిగి అతుక్కున్న భుజం తడుముకుంటూ అన్నాడు, “హ్యాండిలు మీదే ఉండాలి.”

ఇదిగో, ఇక్కడ మొదలైంది గొడవ. అంతోని ససేమిరా అన్నాడు. మావయ్యగారు ఫోను చూస్తూ ఎవడి కిందో పడతారన్నాడు. చక్రి రబ్బరు వేసి బిగిస్తానన్నాడు, పాత ఫోనే కదా, సైకిలు అదురుకి దాని కెమెరా పాడైతే కానీ అన్నాడు. కృప మొగుడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. “ఆయన్ని ఇంట్లో కట్టేసి చంపుదామా, బయటికి పంపి భయపడదామా, మీరే చెప్పండి. నేనైతే భయపడతాను” అంది. రెండు రోజులకి అంతోని తాళంచెవి తెచ్చి టీవీ పక్కన పెట్టాడు.

ఇంక మిగిలింది మాస్టారు. కృప భయం భయంగానే ఆయన్ని అడిగింది. హ్యాండిలు మీద ఫోను వద్దని ఆయన ఎన్ని వందల మందికి చెప్పిన మాటది!

“వద్దమ్మా” అన్నాడాయన. “దాన్ని చూస్తే దారి కనపడదు.”

“చూడక్కర్లేదు నాన్నా. అది చెప్తుంది, నువ్వు వింటే చాలు. తప్పిపోయావనిపిస్తే ఆగి, కాలు కింద పెట్టి, అప్పుడు నొక్కు.”

“నాకు దారులు తెలీవా?”

తెలుసని అబద్ధమాడాలా, తెలీదని ఆ మొహం మీద అనాలా? కృప ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన కూతురి మొహంలోకి చూశాడు. ఆ రోజు ఆయనకి బాగున్న రోజు, అన్నీ తెలుస్తున్న రోజు. “సరేలేమ్మా, పెట్టించు. నువ్వు దిగులు పడకుండా ఉంటే చాలు” అన్నాడు.

చక్రి వచ్చి బిగించాడు. బిగిస్తున్నంతసేపూ మాస్టారు పక్కన గొంతుక్కూర్చుని స్క్రూలు ఒక్కోటీ అందించాడు. అయ్యాక చక్రి గేటు బయటికొచ్చి బండి స్టార్ట్ చెయ్యకుండా నిలబడిపోయాడు. “తిడతారనుకున్నానక్కా” అన్నాడు. “ఒక్క మాటన్నా తిడతారని చూశాను. తిట్టలేదు.” కళ్ళు తుడుచుకోడానికి కూడా సిగ్గుపడి హెల్మెట్ పెట్టేసుకున్నాడు.

అయినా ఆ తర్వాత మంచి రోజులే వచ్చాయి, ఎందుకు అబద్ధం చెప్పాలి! కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ దాకా, అక్కణ్ణించి వెనక్కి, అంతవరకే పర్మిషను. మనిషికి మళ్ళీ ఆకలి పుట్టింది, రంగొచ్చింది. ఆఫీసులో కృప ఫోను బల్ల మీదే పెట్టుకునేది. చుక్క కదులుతుంటే ఆవిడ ఊపిరాడేది. చుక్క ఇంటి మీదికొచ్చి ఆగితే పక్క సీటావిడకి బిస్కెట్లు పెట్టేది. చర్చిలో అడిగినవాళ్ళకి కూడా గొప్పగా చెప్పుకుంది, మా నాన్న తిరుగుతున్నాడండీ, తనంతట తనే తిరుగుతున్నాడు అని.

క్రిస్మస్ ముందు, ఒక సెలవు రోజు పొద్దున కృప ఇడ్లీ పెట్టి ఫోన్ చూసేసరికి చుక్క ఘాట్ దగ్గర లేదు. గొల్లపూడి దాటి పోతోంది.

“ఏవండీ!” అని కేక పెట్టింది. అంతోని చొక్కా గుండీలు పెట్టుకోకుండానే బండి తీశాడు. కృప నాన్న నంబరు నొక్కబోయి చటుక్కున ఆగింది. ఇబ్రహీంపట్నం రోడ్డు. థర్మల్ స్టేషను బూడిద లారీలు బారులు కట్టి పోయే రోడ్డు. ఇప్పుడు తను ఫోన్ చేస్తే అది ఆయన ముక్కుకెదురుగా మోగుతుంది, వెలుగుతుంది. ఆయన కిందికి చూస్తాడు. చూసిన ఆ క్షణం చాలు. బొమ్మ చూస్తావా, రాయి చూస్తావా! ఫోను బిగించిందే కనుక్కోవడానికి, ఇప్పుడు అదే ఫోను మోగించడానికి చెయ్యి రాకపోయె. మొగుడికి చేసి, “మీరు కూడా చెయ్యకండి, దగ్గరికెళ్ళాక పిలవండి చాలు” అని చెప్పి, గేటు దగ్గర కూర్చుంది. ప్రభువా, ప్రభువా అనుకుంటూ చుక్క వంకే చూసింది.

చుక్క కొండపల్లి చేరింది. కొండెక్కింది. పైన ఆగింది. ఎంతకీ కదల్లేదు. పడిపోయాడా? కూర్చున్నాడా? ఘాట్ రోడ్డు కింద అంతోని, ఇక్కడ బండికి పంచరైంది, ఊళ్ళోకి నెట్టుకుంటూ షాపు వెతుకుతున్నానని ఫోన్ చేశాడు. కృప ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టి పెట్టేసింది.

అప్పుడు చుక్క కదిలింది. మెల్లగా, వంపు తర్వాత వంపు, వచ్చిన దారినే దిగింది. కొండపల్లి, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి. ఎక్కడా తప్పలేదు. గుర్తు నొక్కాడు! ఆగి, కాలు కింద పెట్టి, తను చెప్పినట్టే నొక్కాడు! కృపకి ఏడుపూ నవ్వూ కలిసొచ్చేశాయి. ఎదురింటివాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా చప్పట్లు కొట్టింది. ఇంక ఎన్ని తిట్లు తిట్టాలో, ముందు తిట్టాలో, వాటేసుకోవాలో తేల్చుకోలేకపోయింది.

వీధి మలుపులో సైకిలు కనపడింది. ఒళ్ళంతా ఎర్ర దుమ్ము. మొహం మాత్రం వెలిగిపోతోంది. గేటు ముందు ఒడుపుగా బ్రేకేసి కాలు కింద పెట్టాడు. ఇంటికి చేరారని ఫోన్లో ఆడగొంతు చెప్పింది. ఆయన ఇంటి వంక చూశాడు. గేటు వంక చూశాడు. కృప వంక చూశాడు.

“నమస్తే అండీ” అన్నాడు. చెమట తుడుచుకుని మర్యాదగా నవ్వాడు. “ఏమీ అనుకోకండి. ఇది చెప్పినట్టే వచ్చాను, ఎక్కడో పొరపాటు పడినట్టుంది. మా అమ్మాయి వాళ్ళిల్లు ఇక్కడే భవానీపురంలోనే. కృప అని, కాలేజీలో పని చేస్తుంది. మీకేమన్నా తెలుసా అండీ?”

కృప గేటు చువ్వ పట్టుకుని నిలబడింది. నేనే నాన్నా, నేనే కృపని అని అరవాలనిపించింది. అరిస్తే ఆ మొహంలో వెలుగు పోయి, మళ్ళీ ఆ స్టూలు మీది చూపు వస్తుంది. తప్పు చేశానా అని అడుగుతాడు. ఆ మాట ఇంకోసారి వినే శక్తి లేదు ఆవిడకి.

“తెలుసండీ” అంది. “లోపలికి రండి మాస్టారూ. కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగండి. నేను ఫోన్ చేసి పిలుస్తాను మీ అమ్మాయిని.”

“అయ్యో, మీకు శ్రమ.”

“శ్రమేముందండీ.”

ఆయన సైకిలు గోడకి జాగ్రత్తగా ఆనించి, బూట్లు గుమ్మం బయట విప్పి, పరాయింట్లో కూర్చున్నట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. కృప వంటింట్లోకి పోయి కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. మొహం కడుక్కుని, గ్లాసు నింపి తెచ్చి రెండు చేతుల్తో ఇచ్చింది. ఆయన గటగటా తాగి, గుమ్మం వైపు చూస్తూ గొంతు తగ్గించి అన్నాడు:

“చాలా ఆలస్యం చేశానండీ. నాకోసం దిగులు పడుతూ ఉంటుంది పాపం. వచ్చీ రాగానే తిడుతుందేమో.”

“తిట్టదు లెండి” అంది కృప.