పరుపులు ఏడవవు

విస్తరాకును గరిటెతో ఎంత బాదినా మోగడం లేదని పేరమ్మ విసుక్కుంటోంది, పోయి రెండేళ్లయినా ఆవిడ కోపం ఇసుమంతైనా తగ్గనందుకు పక్కనే కూర్చున్న సామ్రాజ్యానికి ముచ్చటేస్తోంది. వాళ్లున్నది పెళ్లిపందిరో బస్సో తేలడం లేదు. కూర్చున్న బెంచీ మెల్లగా కదిలి నేతపేట దాటిపోతుంటే, కండక్టరు టిక్కెట్లకు బదులు అప్పడాలు విరిచి ఇస్తున్నాడు.

"చూశావా, అందరికీ విస్తళ్లే! ఒక్క స్టీలు కంచం లేదు. ఇదేం స్వర్గమే తల్లీ!"

పేరమ్మ బతికున్నన్నాళ్లూ పేటలో ఏ మగాడు పెళ్లాం మీద చెయ్యెత్తినా, ఈ ఇద్దరూ వాడి గుమ్మం ముందు కంచాలు మోగించేవాళ్లు. ఇంటింటి ఆడవాళ్లూ తలో కంచంతో చేరేసరికి ఎంతటి మొనగాడి చెయ్యైనా దిగాల్సిందే.

"అవునూ, నీ పైవాటాలో కొత్తగా దిగినవాడు పెళ్లాన్ని కొడుతున్నాడంటగా. ఏం చేస్తున్నావ్?"

"టీవీ సౌండు పెంచానొదినా."

"సిగ్గులేకపోతే సరి!"

"లెక్కల మాస్టారి సంగతి మర్చిపోయావా?"

మర్చిపోవడమా! ఆ రోజు దబదబమని చప్పుడు విని పదిహేనుమందిని పోగేసి మోగిస్తే, పాపం మాస్టారు దులుపుతున్న పరుపు వదిలేసి ఒళ్లంతా దూదితో బయటికొచ్చి, ఎందుకైనా మంచిదని భార్యకు క్షమాపణ చెప్పాడు. పేట నెల్లాళ్లు నవ్వింది. పేరమ్మ పోయాక ఆ నవ్వులు తలుచుకునే సామ్రాజ్యం గడప దాటలేదు.

"నవ్వితే నవ్వారు, మనకేం అరిగిపోయింది? నువ్విట్టా కూచుంటే ఆ తల్లీ పిల్లా ఏమైపోవాలే?"

"భయమొదినా. నువ్వు లేవుగా."

"నేను లేకపోతే నీ చేతులేమైనాయే? లే!" అంటూ పేరమ్మ విస్తరాకుతో నెత్తిన ఒకటి వేస్తుంది, ఈసారి అది దబ్బున మోగుతుంది.

సామ్రాజ్యం ఉలిక్కిపడి లేచింది. మిట్టమధ్యాహ్నం. దబ్బుమన్నది పైకప్పు. పరుపేమోనని మనసు ఇంకా సాకు వెతుకుతుండగానే చిన్నపిల్ల ఏడుపు వినిపించింది. పరుపులు ఏడవవు.

ఎంగిలి కంచం మెతుకులతో సహా పట్టుకుని, గరిటె అందుకుని మెట్లెక్కి, తలుపు ముందు నిలబడి గరిటెతో బాదింది. ఎదురింటి తలుపు తెరుచుకుంది, దాని పక్కదీ తెరుచుకుంది. చివరికి ఈ తలుపూ తెరుచుకుంది. ఆరేళ్ల పిల్ల తల్లిని చెయ్యి పట్టి లాక్కొచ్చి సామ్రాజ్యం వెనక నక్కింది. గుమ్మంలోకి వాడొచ్చాడు.

"ఏంటీ గోల? మా ఇంట్లో సంగతి నీకెందుకు?"

సామ్రాజ్యం గరిటె గాల్లోనే ఆగింది. వెనకనుంచి పిల్ల కొంగు లాగింది.

"ఆపకు మామ్మా."