పేరమ్మ కోసిన వల

భవానీపురంలో పొద్దున్నే పేరమ్మ ఇంటి ముందు నిలబడి కొండమీది దుర్గమ్మకి దండం పెట్టుకుంటుంది. గంపలో జెల్ల, బొచ్చె చేపలు సర్దుకుంటుంది. గంప నెత్తికెత్తుకునే ముందు, చేపలు కోసే కత్తితో మొగుడి వలకి జానెడు చిరుగు పెడుతుంది.

సాయంత్రం బజారు నుంచి వచ్చేసరికి ఆ చిరుగు పూడిపోయి ఉంటుంది. దూలానికి వేలాడే వలలో దారపు ముళ్ళు వాటంతటవే పడుతుంటాయి. పక్కింటి బుల్లెమ్మ చింతపండు అడగడానికి వచ్చి, అది చూసి, మల్లి పనిలో ఉంది, తర్వాత వస్తాలే అనుకుని వెళ్ళిపోతుంది. అందులో వింతేముంది చెప్పండి? ఆ ముడి మల్లిదే కదా.

మల్లి అంటే నాగమల్లేశ్వరి. పేరమ్మకీ కాశీరావుకీ ఒక్కతే కూతురు. ఓ చిన్న ఆసుపత్రిలో ఆయాగా చేసేది. రోగుల్ని ఎత్తీ దించీ నడుం పట్టేస్తే, నొప్పికని ఒక ఇంజెక్షన్ పొడిపించుకుంది. ఆ తర్వాత నొప్పి లేకపోయినా పొడుచుకుంది. మోచేతుల లోపల చోటు లేకుండా పోయాక తల్లిదండ్రులకి తెలిసింది. పటమటలో మత్తు మాన్పించే ఆసుపత్రిలో రెండు నెలలు ఉంచి తీసుకొచ్చారు. అక్కడి డాక్టరమ్మ ఒకటే చెప్పింది, పిల్ల చేతులు ఖాళీగా ఉండనివ్వద్దని.

అందుకని చిరిగిన వల ఇచ్చారు. మొదటి రోజు వణికే చేతులతో ఒక్క ముడి పడింది. నెల తిరిగేసరికి తండ్రి కంటే గట్టిగా వేసేది. పేరమ్మకి చేపలు అమ్మడమేగాని ముడి వెయ్యడం రాదు. సాయం చేద్దామని వేసినవన్నీ మల్లి విప్పేసేది.

"నువ్వు చేపలమ్ముకోవే అమ్మా. నీ ముడిలోంచి చేపేంటి, పడవే దూరిపోద్ది."

పుష్కరాల ముందు ఏడాది, శ్రావణంలో ఒక శుక్రవారం, కాశీరావు వల ఎక్కడా చిరగకుండా వచ్చింది. అమ్మవారి దయ అనుకుని ఆయన మురిసిపోయాడు. మల్లి వలంతా రెండుసార్లు తడిమింది. చెయ్యడానికేమీ లేదు. దారం కొనుక్కొస్తానని వెళ్ళింది. నీలం దారం ఒక ఉండ కొన్నదని కొట్టాయన చెప్పాడు. ఆ కొట్టు మెట్లు దిగాక పిల్లని చూసినవాళ్ళు లేరు.

మర్నాడు పేరమ్మ వలకి కత్తి పెట్టింది. కాశీరావు కొట్టబోయి చెయ్యెత్తినవాడు, సాయంత్రం ఆ చిరుగు పూడి ఉండటం చూసి కూలబడ్డాడు. పడినవి నీలం ముళ్ళు. నెలలు గడిచేకొద్దీ తెల్లటి వల సగం నీలమైపోయింది. ఒక్క ఉండ దారం అంతకాలం ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు.

కొన్ని రోజులు ముడి వదులుగా పడేది. చెయ్యి వణుకుతోందన్నమాట. ఎక్కడుందో, ఎవరు పట్టుకెళ్ళారో, ఎవరి చేతిలో సూది ఉందో! ఆ రోజుల్లో పేరమ్మకి మెతుకు దిగేది కాదు. వీధిలో సైకిలాగితే పోలీసేమోనని గుమ్మంలోకి పరిగెత్తేది.

పుష్కరాలు వెళ్ళిన నెలకి ముళ్ళు పడటం ఆగిపోయింది. ఒక రోజు. రెండు రోజులు. కాశీరావు వలని తాకలేదు, పడవెక్కలేదు. మూడో నాటి పొద్దున కానిస్టేబులు తిరుపతిరావు వచ్చాడు. బందరు కాలవలో ఒక ఆడపిల్ల తేలిందట.

కాశీరావు వెళ్ళి చూసి, మధ్యాహ్నానికి కానిస్టేబులుతోనే తిరిగొచ్చాడు. చేతిలో కాగితం. ఆ పిల్ల మల్లేనని ఇద్దరూ ఒప్పుకుంటే వెతకడం ఆపేస్తారు.

"ముఖం తెలీలేదే. ఎత్తు మన పిల్లంతే ఉంది," అన్నాడు. "వేలిముద్ర వేసెయ్. కబురు రాకపోతే భయం, వస్తే భయం. ఇంక నావల్ల కాదు."

పేరమ్మ కాగితం వైపు చూడలేదు. గూట్లోంచి దారం చుట్టిన వెదురు పుల్ల తీసింది. మూడు రోజులుగా నోరు తెరుచుకున్న చిరుగులో, తెల్ల దారంతో ఒక ముడి వేసింది. ఎప్పటిలాగే చేతకాని ముడి.

"ఏం చేస్తున్నావే?"

"ఉండు మావా."

కూర్చుంది. మీరూ ఆవిడలాగే కాస్త ఊపిరి బిగబట్టండి. తిరుపతిరావుకిచ్చిన టీ మీద మీగడ కట్టింది. గుడి మైకులో పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. గుమ్మంలో బుల్లెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

దారం కొస కదిలింది.

గాలి లేదు. తెల్ల ముడి ఒక పక్క వదులైంది, ఆగింది, మళ్ళీ వదులైంది. పట్టు దొరకని వేళ్ళు లాగుతున్నట్టు వణుకుతూ, జారిపోతూ, చివరికి మొత్తం విడిపోయింది. దారం ఊరికే వేలాడింది. నీలం ముడి మాత్రం పడలేదు.

కాశీరావు కాగితం మడిచి తిరుపతిరావు చేతిలో పెట్టాడు.

"మా పిల్ల కాదు బాబూ. ఆ తల్లి ఎవరో, పాపం, దహనానికి నేనే వస్తాను. మా పిల్లని మాత్రం వెతకండి."

తిరుపతిరావు టోపీ తీసి, కొండ వైపు ఒకసారి దండం పెట్టి, కాగితం జేబులో పెట్టుకున్నాడు.

పేరమ్మ అప్పటికే రెండో ముడి వేస్తోంది. మొదటిదాని కంటే చేతకానిది.