బ్యాటరీవాళ్ల బోరు నీళ్లు

ఎనిమిదో తరగతికి ఆమ్లాలు, క్షారాల పాఠం మొదలుపెడుతూ సైన్సు టీచరు, పిల్లలందరినీ ఇంటి నుంచి ఏదో ఒక ద్రవం తెమ్మంది. నిమ్మరసం తెచ్చారు, సబ్బు నీళ్లు తెచ్చారు, ఒకడైతే వాళ్ల తాతయ్య దగ్గుమందు ఎత్తుకొచ్చాడు. చివరి బెంచీ అమ్మాయి మాత్రం ఉత్త మంచినీళ్లు తెచ్చింది. ఆమె తండ్రికి పాత బ్యాటరీలు బాగుచేసే షాపుంది. అందుకే క్లాసంతా ఆమెను ‘బ్యాటరీ’ అంటుంది.

“ఇంకేం దొరకలేదా తల్లీ?” అని నవ్వుతూ టీచరు ఆ నీళ్లలో నీలి లిట్మస్ కాగితం ముంచింది.

కాగితం ఎర్రబడింది.

సీసా సరిగ్గా కడగలేదేమో అనుకుని మర్నాడు మళ్లీ తెప్పించింది. మళ్లీ ఎరుపే.

“ఏం నీళ్లమ్మా ఇవి?”

“మా బోరువే టీచర్. రోజూ తాగేవే. కాస్త పుల్లగా ఉంటాయి. మా తమ్ముడికైతే భలే ఇష్టం.”

ఆ సాయంత్రమే టీచరు ఆ పిల్ల వెంట వెళ్లింది. ముందు షాపు, వెనక రెండు గదులు, ఆ వెనక పెరట్లో చేతిపంపు. పంపుకు పదడుగుల దూరంలో ఒక గుంట. తండ్రి ఓ పాత బ్యాటరీని అందులోకి వంచుతున్నాడు. గుంట అంచున సిమెంటు తినేసినట్టయి కంకర బయటపడింది. చుట్టుపక్కల గడ్డిపోచ లేదు.

“నీళ్లలో యాసిడ్ కలుస్తోందండీ,” అంది టీచరు.

“చిన్నప్పటి నుంచి తాగుతున్నాం మేడం. గుండ్రాయిల్లా ఉన్నాం చూడండి,” అని అతను నవ్వాడు. “అంతగా ఉంటే కాస్త సున్నం వేస్తాను. మేమూ చదివాంలెండి.”

గడపలో అయిదేళ్ల కొడుకు కడుపు పట్టుకుని ముడుచుకుని కూర్చున్నాడు. పెదవులు పాలిపోయాయి. టీచరు పేరడిగితే వాడు నోరు తెరిచి, మళ్లీ మూసుకున్నాడు.

“ఈమధ్య ఇలాగే ఉంటున్నాడు. వచ్చిన మాటలు కూడా మర్చిపోతున్నాడు,” అంది తల్లి.

టీచరు తండ్రి వైపు తిరిగింది. “సున్నం వేస్తే పులుపు విరుగుతుందండీ. బ్యాటరీల్లో సీసం ఉంటుంది. అది బాబు ఒంట్లో చేరి ఉంటే, దానికేం వేస్తారు?”

అతని నవ్వు ఆగిపోయింది. తల్లి ఎత్తబోతున్న బిందెను అక్కడే వదిలేసింది.

నాలుగో రోజున రక్తపరీక్ష ఫలితం వచ్చింది. ఇద్దరు పిల్లల్లోనూ సీసం ఉంది. చిన్నవాడిలో చాలా ఎక్కువ. మందులతో కొంత తగ్గుతుందనీ, పోయిన మాటలన్నీ తిరిగి వస్తాయని మాత్రం చెప్పలేననీ డాక్టరు అంది.

తండ్రి పంపుకు గొలుసు వేసి తాళం పెట్టాడు. పెరట్లో తలవంచుకుని నిలబడ్డాడు.

“ఈ గుంట ఎప్పటిదండీ?” అని అడిగింది టీచరు.

“మా నాన్న తవ్వించాడు. నేను పుట్టకముందు.”

ఇద్దరూ పెరటి గోడ మీదుగా చూశారు. వీధి పల్లానికి దిగుతోంది. కింద ఏడు ఇళ్లు, ప్రతి పెరట్లో ఒక పంపు.

“నేనే చెప్తాను,” అన్నాడతను. టీచరు తోడు వెళ్లింది. మొదటి ఇంటి తలుపు తీసింది నిండు చూలాలు.

“అన్నయ్యా, మీరా! ఎండన పడి వచ్చారు, కూర్చోండి,” అంటూ లోపలికి వెళ్లి, రెండు గ్లాసుల నీళ్లు తెచ్చి వాళ్ల ముందు పెట్టింది.